పాత స్పోర్ట్స్ కారు ఫ్లోరు: అతుకు వేయాలా, సగం మార్చాలా, మొత్తం మార్చాలా?

మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు తిరిగిన కార్లకు ఫ్లోరు తుప్పు ఎక్కువగా లోపలి నుంచే మొదలవుతుంది. ఇక్కడ సముద్రపు గాలి లేదు. మంచు దేశాల్లోలాగా రోడ్ల మీద ఉప్పు చల్లడమూ లేదు. అందుకే కారు కింద పడుకుని చూస్తే ఫ్లోరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండలకు పగిలిపోతుంది, వానాకాలంలో ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి మ్యాట్ కింద ఫెల్టులో నిలుస్తాయి. ఆ తడి నెలల తరబడి ఆరదు. గుడ్డ టాపు ఉండే రెండు సీట్ల కార్లలోకి నీళ్లు రావడానికి దారులు ఇంకా ఎక్కువ. ఎప్పుడో మ్యాట్ లేపి చూస్తే రేకు పొరలు పొరలుగా చేతికి వస్తుంది. అదే విశాఖలోనో చెన్నైలోనో ఏళ్ల తరబడి తిరిగి మన దగ్గరికి వచ్చిన కారైతే లెక్క వేరు. దానికి కింది నుంచి కూడా తుప్పు ఉంటుంది, డోరు కింద పొడుగునా పెట్టెలా ఉండే సిల్లు లోపల కూడా ఉంటుంది. పాత కారు కొనేటప్పుడు ఆర్సీలో మొదటి రిజిస్ట్రేషన్ ఏ ఊరిదో చూడమనేది ఇందుకే.

ఫ్లోరు మార్చుకుందామనుకునేవాళ్లు ముందు ఖర్చెంత అని అడుగుతారు. నన్నడిగితే, ముందు తేలాల్సింది తుప్పు ఎక్కడ ఆగిందనేది. చదును రేకులోనే ఆగిందా, అంచు దాటిందా, సిల్లును కూడా తినేసిందా అన్నదాన్ని బట్టే పద్ధతి ఎంచుకోవాలి. ఇది చూసుకోకుండా ఖర్చు మాట్లాడుకున్నవాళ్లు సగం పనిలో ఇరుక్కుపోతారు.

కారు ఎలా కట్టారో ముందు తెలుసుకోండి

స్పోర్ట్స్ కార్లన్నీ ఒకేలా కట్టలేదు. 1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి విడిగా చాసిస్ (బరువు మోసే ఇనుప చట్రం) లేదు, బాడీయే చాసిస్. పైన కప్పు లేదు కాబట్టి బరువంతా ఫ్లోరు, మధ్యలో సొరంగంలా ఉబ్బి ఉండే టన్నెల్, రెండు పక్కల సిల్లులు కలిసి మోస్తాయి. అదే ఏడాది వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కు చాసిస్ ఉంది. కానీ ఆ చాసిస్‌కు పక్క రైళ్లు (పక్కల పొడుగునా పోయే ఇనుప దూలాలు) లేవు, అందుకే అందులోనూ సిల్లుల మీద భారం ఉంటుంది. చాసిస్ ఉంది కదా అని స్పిట్‌ఫైర్ సిల్లును ధైర్యంగా కోసేయకూడదు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ కంపెనీ 1961 నుంచి తయారు చేసిన హెరాల్డ్, స్పోర్ట్స్ కారు కాకపోయినా, స్పిట్‌ఫైర్‌కు దగ్గరి చుట్టమే. దాని చాసిస్‌కు పక్క రైళ్లు ఉంటాయి, బాడీని భాగాలుగా బోల్టులతో బిగించారు. ఇంట్లో ఫ్లోరు పని నేర్చుకోవడానికి దానికంటే అనువైన పాత కారు మన దేశంలో దొరకడం కష్టం. గోవాలో తయారైన శాన్ స్టార్మ్‌ది ఫైబర్ బాడీ, దాని బాడీకి ఈ వెల్డింగ్ గొడవే లేదు.

మన జిల్లాల్లో స్పోర్ట్స్ కార్లు అరుదు. అయినా ఇక్కడ చెప్పేదంతా జిప్సీకి, మారుతి 800కి, పద్మినికి కూడా పనికొస్తుంది. జిప్సీకి కింద నిచ్చెన లాంటి చాసిస్ ఉంటుంది కాబట్టి దాన్ని హెరాల్డ్ లెక్కన చూడండి. మారుతి 800, పద్మిని బాడీయే చాసిస్‌గా ఉన్నవి, వాటిని ఎంజీబీ లెక్కన చూడండి.

స్క్రూడ్రైవరు పరీక్ష

సీట్లు, మ్యాట్లు, ఫెల్టు అన్నీ తీసేయండి. రేకు మీద తారు షీటు అంటించి ఉంటే గీకేయండి. మొద్దు స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడుస్తూ, చిన్న సుత్తితో కొడుతూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది, లేదా స్క్రూడ్రైవరు దిగిపోతుంది. దిగిన ప్రతి చోటా మార్కరుతో గుర్తు పెట్టండి. డ్రైవరు కాళ్లు పెట్టే మూల, సీటు బోల్టుల చుట్టూ, ఫ్లోరు వెళ్లి సిల్లుకు అతికే అంచు, వెనక సీటు మడత దగ్గర ఎక్కువసేపు చూడండి. డోరు కింద సిల్లును లోపలి నుంచీ బయటి నుంచీ రెండువైపులా పరీక్షించండి. బయట పుట్టీ కొట్టి పెయింటు వేసి ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి. పుట్టీ మందంగా ఉన్న చోట అది సరిగా అంటదు.

ఈ పని అయ్యేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి, ఎక్కడి నుంచీ ప్యానెల్ ఆర్డరు పెట్టకండి.

మూడు దారులు, ఏది ఎప్పుడు

రంధ్రాలు చదును భాగంలోనే ఉండి, చుట్టూ కనీసం బెత్తెడు మంచి రేకు మిగిలి ఉంటే అతుకు చాలు. ఇంట్లో చేసుకోవడానికి ఇదే సరైన పని. పాడైన భాగం కంటే కాస్త ఎక్కువగా, మంచి రేకు తగిలేదాకా కోసేయాలి. అతుకు మూలలు గుండ్రంగా తీయాలి, పదునైన మూల దగ్గర వెల్డింగ్ పగులు మొదలవుతుంది. కొత్త రేకును అంచుకు అంచు ఆనించి అతికితే కింద నీళ్లు నిలిచే మడత ఉండదు, కానీ కొత్తవాళ్లకు అది కష్టం. అంచును కొంచెం మెట్టులా వంచి ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతకడం తేలిక. అలా చేస్తే కింది వైపు సందులో సీలెంట్ (సందు మూసే పేస్టు) తప్పనిసరిగా పెట్టాలి.

చాలా షాపుల్లో "పైన రేకు కొట్టేస్తే అయిపాయె అన్నా" అంటారు. పాత తుప్పు రేకును అలాగే ఉంచి పైన కొత్త రేకు అతికేస్తారు. ఇది ఎంత చవకగా చేస్తామన్నా ఒప్పుకోకండి. రెండు రేకుల మధ్య తడి చిక్కుకుని, కొన్నాళ్లకు కొత్త రేకును కూడా తినేస్తుంది. ఈసారి కోయాల్సిన భాగం ఇంకా పెద్దదవుతుంది.

నాలుగైదు అతుకులు పక్కపక్కన పడే పరిస్థితి ఉంటే, లేదా తుప్పు ఫ్లోరు అంచు మడత దాకా వచ్చి ఉంటే, ఒక వైపు సగం ఫ్లోరు మార్చేయండి. అతుకు మీద అతుకు వేయడానికి పట్టే శ్రమ కంటే ఇది తక్కువే. వెల్డింగ్ గీత పొడవు కూడా తగ్గుతుంది, రేకు వంకర పోయే అవకాశమూ తగ్గుతుంది. కంపెనీ వేసిన పాత స్పాట్లను (రెండు రేకులను కలిపే వెల్డింగ్ చుక్కలను) 8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో పై రేకు వరకే తొలిచి విడదీయాలి. కింది మంచి రేకుకు రంధ్రం పడకుండా చూసుకోవాలి. కొత్త రేకు అంచులో 6 నుంచి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, వాటిని వెల్డింగ్‌తో నింపితే పాత స్పాటు పని అదే చేస్తుంది. పాత స్పాట్లు ఎన్ని ఉన్నాయో కొత్తవి అన్నింటికి తగ్గకూడదు.

రెండు వైపులా ఫ్లోరు, సిల్లులు, సీటు కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబరు అన్నీ పోయాయంటే, బాడీయే చాసిస్‌గా ఉన్న కారుకు ఇంట్లో మొత్తం మార్చే పని పెట్టుకోవద్దనే చెబుతాను. హెరాల్డ్, జిప్సీల్లాంటి వాటికి పరవాలేదు, చాసిస్ ఆకారం పట్టి ఉంచుతుంది. ఎంజీబీ లాంటి దానికి మాత్రం బాడీని కొలతల ప్రకారం కదలకుండా పట్టి ఉంచే చట్రం (జిగ్గు), అనుభవం ఉన్న బాడీ మనిషి కావాలి.

కప్పులేని కారును కోసే ముందు

ఇంట్లో చేసినవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఈ ఒక్క చోటే, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కప్పులేని కారు నుంచి ఫ్లోరు, సిల్లు తీసేస్తే మధ్యలో పట్టుకునేదేమీ ఉండదు. ఆధారం ముందూ వెనకా చక్రాల దగ్గరే ఉంటుంది కాబట్టి కారు తన బరువుకే మధ్యలో కుంగుతుంది. డోరు పైభాగం దగ్గర సందు మూసుకుపోతుంది. ఆ స్థితిలో కొత్త రేకు అతికేస్తే కారు ఆ వంకరలోనే జీవితాంతం ఉండిపోతుంది. డోరు సరిగా పడదు, పట్టీలు కలవవు. తర్వాత ఎన్ని సర్దుబాట్లు చేసినా అది తిరిగి రాదు.

దీనికి చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అంగుళం చదరపు పైపు తెచ్చి, ముందు డోరు కీళ్ల స్తంభం నుంచి వెనక తాళం స్తంభం దాకా ఒక నిలకడ పైపు, దానికి ఏటవాలుగా మరొకటి బిగించాలి. వీలైతే రెండు డోర్ల మధ్య అడ్డంగా ఇంకొకటి. వీటిని తాత్కాలికంగా వెల్డ్ చేసినా సరే, బోల్టులతో బిగించినా సరే. కారును నాలుగు స్టాండ్ల మీద పెట్టేటప్పుడు స్టాండ్లు సస్పెన్షన్ బరువు పడే చోట్ల కిందే ఉండాలి, మధ్యలో కాదు. ఉత్త జాకీ మీద నిలబెట్టి కింద దూరడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు. బరువుకు దిమ్మె ఒక్కసారిగా పగిలిపోతుంది.

కోసే ముందు డోరు సందులు పైన, మధ్యన, కింద కొలిచి కాగితం మీద రాసుకోండి. డోరు తెరిచిన ఖాళీలో మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు కర్ణాలు కొలవండి. ఒక వైపు పూర్తిగా అతికి, చల్లారి, మళ్లీ కొలిచి సరిపోయాకే రెండో వైపు ముట్టుకోవాలి. ఈ ఒక్క నియమం పాటించలేమనిపిస్తే ఆ పని మొదలుపెట్టకపోవడమే మేలు.

రేకు ఎక్కడిది?

రెడీమేడ్ ప్యానెల్ బాగా కుదురుతుంది, గాడులు, మడతలు అచ్చు పోసినట్టు ఉంటాయి. ఎంజీ, ట్రయంఫ్ కార్లకు ఇంగ్లండులో ఇప్పటికీ ఫ్లోరు ప్యానెళ్లు తయారు చేస్తున్నారు. అయితే ఇది పెద్ద సైజు వస్తువు. కొరియర్లు దీని అసలు బరువు చూడరు, పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో దాన్ని బట్టి చార్జీ వేస్తారు, దాని మీద కస్టమ్స్ సుంకం. సిల్లు, క్రాస్ మెంబరు లాంటి సంక్లిష్టమైన ముక్కలకు ఆ డబ్బు పెట్టవచ్చు. చదును ఫ్లోరుకు పెట్టనవసరం లేదు.

మారుతి, పద్మిని, జిప్సీలకు పాత కారు ఫ్లోరు కోసి తెచ్చుకునే దారి ఉంది. నల్గొండ వాళ్లకు ఇందులో ఒక సౌకర్యం: 65వ నంబరు జాతీయ రహదారి మీద ఒకవైపు హైదరాబాద్ ఆటోనగర్, మరోవైపు విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉన్నాయి. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వాళ్లు 44వ నంబరు రోడ్డు పట్టుకుని హైదరాబాద్ పోవాల్సిందే. తెచ్చుకునే ముందు ఆ ఫ్లోరుకు కూడా స్క్రూడ్రైవరు పరీక్ష పెట్టండి. ఆయిల్ లీకై కింద అంతా నల్లగా పేరుకున్న కారు ఫ్లోరు చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ ఆ ఆయిలే రేకును కాపాడి ఉంటుంది.

నాకు బాగా నచ్చేది మూడో దారి: సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు రేకు తెచ్చి మన ఊళ్లోనే తయారు చేయించుకోవడం. 20 గేజ్ అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు, 18 గేజ్ అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. చాలా పాత కార్ల ఫ్లోరుకు ఈ రెండింటి మధ్యలోని 1 మిల్లీమీటరు రేకు సరిపోతుంది. మందంగా వేస్తే గట్టిగా ఉంటుందని 2 మిల్లీమీటర్లది వేయించుకునేవాళ్లున్నారు. అది పాత సన్నటి రేకుతో సరిగా అతకదు, వేడి తేడాకు పక్క రేకు కరిగి రంధ్రం పడుతుంది, బరువు అదనం. 8 అడుగులకు 4 అడుగుల 1 మిల్లీమీటరు షీటు బరువు 23 కిలోల పైచిలుకు. రెండు సీట్ల కారు ఫ్లోరు రెండు వైపులకూ ఒక్క షీటు చాలు.

ఈ రేకును వంచడానికి కారు షాపులు వెతకకండి, బీరువాలు చేసే షాపుకు పోండి. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ లాంటి ప్రతి టౌనులోనూ ఒకటైనా ఉంటుంది. వాళ్లు రోజూ పని చేసేది ఈ సీఆర్ రేకుతోనే. రేకు కోసే మిషన్, వంచే మిషన్, చాలాచోట్ల స్పాట్ వెల్డింగ్ మిషన్ కూడా వాళ్ల దగ్గర ఉంటాయి. అట్టముక్క మీద కొలతలు గీసి, మడతలు ఎటువైపో బాణాలు వేసి ఇస్తే చక్కగా వంచి ఇస్తారు. ఫ్లోరుకు గాడులు మాత్రం అడిగి పెట్టించుకోండి. గాడి లేని చదును రేకు కారు నడిచేటప్పుడు డప్పులా మోగుతుంది.

జీఐ రేకు తుప్పు పట్టదు కదా అని చాలామంది అడుగుతారు. వెల్డింగ్ చేసే చోట దాని జింకు పూత కాలిపోతుంది, అతుకులో బుడగలు వస్తాయి, ఆ పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లు నొప్పులు పట్టుకుంటాయి. అల్యూమినియం రేకు ఇనుముకు తగిలి తడి అందితే ఆ చోట అల్యూమినియమే తినేసుకుపోతుంది. ఫైబర్, రెసిన్ పూత తాత్కాలికంగా రంధ్రం మూస్తుంది, బలం ఇవ్వదు. సీటు బోల్టులు, సీటు బెల్టు పట్టు ఉండే చోట ఫైబర్ పనికిరాదు. ఢీకొన్నప్పుడు మనిషిని ఆపేది ఆ రేకే.

ఏ వెల్డింగ్, ఎవరి చేత?

మన ఊళ్లలో వెల్డింగ్ షాపులకు కొదవ లేదు. ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు చేసే మిస్త్రీలు మందపాటి ఇనుము మీద గొప్ప పనిమంతులు. కానీ వాళ్ల చేతిలో ఉండేది రాడ్డు వెల్డింగ్. 1 మిల్లీమీటరు రేకుకు అది చాలా వేడి, అంటించేలోపే రంధ్రం పడుతుంది. గ్యాస్ వెల్డింగ్ టింకరింగ్ షాపుల్లో పాతకాలం నుంచీ ఉంది, చేయి తిరిగిన మనిషి అయితే బాగానే అతుకుతాడు, కాకపోతే వేడి చుట్టూ పాకి పెద్ద రేకు అలలు అలలుగా వంకర పోతుంది. ఆర్గాన్ వెల్డింగ్ అతుకు అందంగా ఉంటుంది కానీ నిదానం, పైగా రేకు అద్దంలా శుభ్రంగా లేకపోతే పట్టదు. పాత కారు కింద అంత శుభ్రం సాధ్యం కాదు.

ఫ్లోరు పనికి నా ఓటు సీఓటూ వెల్డింగ్‌కే, అంటే గ్యాసు చాటున సన్న తీగ కరిగించి అతికే పద్ధతికి. 0.8 మిల్లీమీటర్ల తీగ, దొరికితే 0.6, గ్యాసు ఆర్గాన్, సీఓటూ కలిపినదైతే చిందులు తక్కువ. గ్యాసు లేకుండా నడిచే తీగ మిషన్లు చవకే కానీ ఈ సన్నటి రేకు మీద కొత్తవాళ్ల చేతిలో అవి నిలవవు. ఒకే గీతలా లాగకుండా, అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క పెట్టుకుంటూ, చల్లారనిస్తూ పోవాలి. నీళ్లు చల్లి చల్లార్చకూడదు.

ఇంటి సింగిల్ ఫేజు కరెంటుతో చిన్న ఇన్వర్టరు మిషన్ నడుస్తుంది, ఎందుకంటే సన్న రేకుకు తక్కువ సెట్టింగే వాడతాం. 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగు, మందపాటి వైరు ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పొడుగ్గా లాగితే మిషన్ దగ్గరికి వోల్టేజి చేరదు, అతుకు పైపైనే పడుతుంది. పొలాల మోటార్లన్నీ నడిచే వేళ ఊళ్లలో వోల్టేజి పడిపోతుంది, ఆ వేళ తప్పించుకోండి.

వెల్డింగ్ రానివాళ్లు మధ్యేమార్గం చూసుకోవచ్చు. నేనైతే చాలామందికి ఇదే సలహా ఇస్తాను. విప్పడం, గీకడం, కోయడం, కొత్త రేకు కుదిర్చి క్లాంపులతో బిగించడం ఇంట్లోనే చేసుకోండి. పని గంటల్లో ఎక్కువ భాగం అక్కడే పోతుంది, దానికి నేర్పు కంటే ఓపిక ముఖ్యం. అతకడానికి మాత్రం సీఓటూ మిషన్ ఉన్న బాడీ మనిషిని ఇంటికి పిలిపించుకోండి. అతను మీ కారు మీద చెయ్యి పెట్టే ముందు రెండు తునక రేకులు అతికించి చూపించమనండి. వాటిని వైస్‌లో పెట్టి విరగ్గొట్టండి. అతుకు ఊడకుండా రేకే చిరిగితే ఆ మనిషిని నమ్మవచ్చు.

కాలం, నిప్పు

రోహిణి కార్తె ఎండల్లో తోలు జాకెట్టు వేసుకుని కారు కింద పడుకోవడం ఒంటికి మంచిది కాదు. మృగశిర దాటి వానలు పడితే ఉత్త రేకు రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా ఈ పనికి బాగుంటుంది. కానీ మనవైపు అదే పత్తి ఇంటికి చేరే కాలం. ముందు గదిలోనో షెడ్డులోనో పత్తి పోసి ఉంటే అక్కడ గ్రైండరు కూడా ఆన్ చేయకండి. గడ్డివాము ఉన్న దొడ్డీ అంతే. నిప్పురవ్వలు మనం అనుకున్నదానికంటే చాలా దూరం ఎగురుతాయి. ఆరుబయట గాలి వీస్తే సీఓటూ గ్యాసు చెదిరిపోయి అతుకు జల్లెడలా తయారవుతుంది, కాబట్టి రేకుల షెడ్డు కింద, మూడు వైపులా చాటు ఉన్న చోట చేయండి.

బ్యాటరీ విప్పండి. ఫ్లోరు కింద పోయే పెట్రోలు పైపు, బ్రేకు పైపు పక్కకు తీయండి. వెనక వైపు పని ఉంటే ట్యాంకు కారులోంచి తీసి దూరంగా పెట్టాల్సిందే. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. మంటలార్పే సిలిండరుతో ఒక మనిషి పక్కన ఉండాలి. పని అయిపోయాక కూడా కాసేపు అక్కడే ఉండి, ఎక్కడైనా పొగ వస్తోందేమో చూడాలి.

కాగితాల సంగతి

సొంత కారుకు 15 ఏళ్లు నిండాక ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అప్పుడు బండిని తనిఖీకి చూపించాలి. చాసిస్ నంబరు ఎక్కడ కొట్టి ఉందో కోసే ముందే వెతికి ఫోటో తీసుకోండి. ఆ భాగాన్ని కోయకూడదు, రుద్దకూడదు. 50 ఏళ్లు దాటిన కారును 2021 నిబంధనల ప్రకారం వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికి చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. అందుకని అలాంటి కారుకు ఫ్లోరు ఆకారం, గాడులు, సీటు పట్టులు మొదట్లో ఎలా ఉన్నాయో అలాగే కట్టండి. పని ముందు, మధ్యలో, తర్వాత తీసిన ఫోటోలు దాచుకుంటే అడిగినప్పుడు చూపించడానికి ఉంటాయి.

అతికాక

రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేయడం మన దగ్గర అలవాటు. అది తడిని ఆపదు. వెల్డింగ్ మసి రుద్ది, థిన్నరుతో తుడిచి, ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు వేయండి. అన్ని అతుకుల మీద లోపలా బయటా సీమ్ సీలెంట్ పెట్టండి. నల్లటి అండర్ కోటింగ్ వీటన్నిటి తర్వాతే. తుప్పు మీద అది వేస్తే తుప్పును దాస్తుంది, ఆపదు. సిల్లు లోపలికి సన్న గొట్టంతో మైనపు స్ప్రే కొట్టండి, వెల్డింగ్ వేడికి లోపలి పాత పూత కాలిపోయి ఉంటుంది. ఫ్లోరులో, సిల్లు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉండేవి ఎన్నో పాత రేకు చూసి లెక్కపెట్టి, కొత్త రేకులో అన్నీ తెరిచి ఉంచండి. అద్దం రబ్బరు మార్చకుండా మ్యాట్లు వేయకండి. మ్యాట్లు వేసే ముందు ఒక మనిషిని లోపల టార్చిలైటుతో కూర్చోబెట్టి, అద్దం మీద, టాపు మీద, డోరు అంచుల మీద పైపుతో నీళ్లు కొట్టండి. ఎక్కడ చుక్క కనిపించినా ముందు అది మూసేయండి.